కాల్షియం ఇచ్చినా పొటాషియం 6.8 దగ్గరే ఉందా?

మందు పనిచేయక కాదు సిస్టర్. కాల్షియం గ్లూకోనేట్ అసలు పొటాషియాన్ని తగ్గించదు.

మీ కనిగిరి డయాలసిస్ పేషెంటుకు రక్తంలో పొటాషియం పెరిగి, గుండె కణం లోపల విశ్రాంతిలో ఉండే -90 మిల్లీవోల్టుల విద్యుత్తు సున్నా వైపు జరిగింది. కణంలోకి సోడియం వెళ్లే ద్వారాలు కొన్ని మూతపడి, ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల విద్యుత్తు చూపే నిటారు గీత) వెడల్పయింది. కాల్షియం ఆ కణానికి కాసేపు కాపు, అంతే.

1. ల్యాబ్ కాగితం కాదు, ఈసీజీ చూడండి. అందరూ వదిలేసేది ఇదే (నేనూ మొదట్లో రిపోర్టు పట్టుకుని కంగారుపడ్డదాన్నే). 5 నిమిషాలకు మళ్లీ తీయండి. క్యూఆర్ఎస్ సన్నబడకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి, ఇంకో డోసు రాయొచ్చు.
2. కాల్షియం బలం 30-60 నిమిషాలే. ఈలోపు ఇన్సులిన్-డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఆర్డరు అడగండి, అది పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. షుగర్ గంటగంటకూ చూడాలి.
3. ఒంట్లోంచి బయటికి పోవాలంటే డయాలసిసే. ఒంగోలు పంపితే మానిటర్ తగిలించే పంపండి.