పొగ మాన్పించే శిక్షణ... ఇదీ ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇప్పుడు ఆస్ట్రేలియాలో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చదువుతోంది. అక్కడి ఆదివాసీ గర్భిణులతో సిగరెట్ మాన్పించేలా వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చే పనిలోకి వెళ్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: కెరీరేనండీ. అయితే ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు నిధుల మీద నడుస్తాయి. అందుకే ముందు అక్కడ నర్సుగా రిజిస్టర్ కమ్మనండి. మన దగ్గర చదివినవారు సాధారణంగా ఎన్‌క్లెక్స్ అనే కంప్యూటర్ పరీక్ష, ఆపైన ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. చేతిలో లైసెన్సు ఉంటే ప్రాజెక్టు ముగిసినా ఇబ్బంది ఉండదు.

పనికి లోటు లేదు. అక్కడి ఆదివాసీ గర్భిణుల్లో పదిమందికి సుమారు నలుగురు పొగ తాగుతున్నారు. ఒకప్పుడు వాళ్లకు కూలి కింద, రేషన్ కింద పొగాకే ఇచ్చేవారు. అలా అంటించిన అలవాటుకు ఇప్పుడు వాళ్లనే తిడితే ఎవరు వింటారు?

పొగ హానికరమని నర్సులకు, డాక్టర్లకు తెలియక కాదు. మాట ఎలా మొదలుపెట్టాలో, మందు ఎంత ఇవ్వాలో తెలియక వెనకాడతారు. 'సిగరెట్ తాగుతారా?' అని సూటిగా అడిగితే చాలామంది లేదనేస్తారు. 'ఎప్పుడూ తాగలేదు, గర్భమని తెలిశాక మానేశాను, తగ్గించాను, మునుపటిలాగే తాగుతున్నాను... వీటిలో మీది ఏది?' అంటే నిజం చెప్పడం తేలిక. ఇక మందు సంగతి. సిగరెట్ మానేటప్పుడు దానికి బదులుగా నికోటిన్ అందించేదే ఈ మందు. గర్భిణి ఒంట్లో నికోటిన్ త్వరగా ఖర్చయిపోతుంది. భయపడి మరీ తక్కువ మోతాదు ఇస్తే ఆమె మళ్లీ సిగరెట్ అందుకుంటుంది. చూయింగ్ గమ్, నోటి స్ప్రే, అవసరమైతే చర్మానికి అంటించే ప్యాచ్ ఎలా వాడాలో, ప్యాచ్‌ను రాత్రి పడుకునే ముందు ఎందుకు తీసేయాలో నేర్పాలి. ఆస్ట్రేలియాలోని న్యూక్యాజిల్ విశ్వవిద్యాలయంలో మొదలైన 'సిస్టాక్విట్' అనే పరిశోధన ప్రాజెక్టు వైద్య సిబ్బందికి ఇలాంటి శిక్షణే ఇచ్చింది. మీ అమ్మాయిని దాని గురించి చదవమనండి.

ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ చాలా ఆదివాసీ ఆరోగ్య సంస్థలను ఆ సమాజమే నడుపుకుంటుంది, కొన్ని పోస్టులు వాళ్లకే కేటాయిస్తారు. అది న్యాయమే. మీ అమ్మాయి వాళ్ల నాయకత్వంలో పనిచేయడానికి సిద్ధపడాలి. చదువు పూర్తవకముందే అలాంటి సంస్థలో ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా చేసే ప్రాక్టికల్ శిక్షణ) అడగమనండి.

తిరిగొచ్చినా ఈ నైపుణ్యం వృథా కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.