మేనమామకు స్కిజోఫ్రీనియా ఉంటే పిల్లనివ్వొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతూ, పాడి పని చక్కగా చూసుకుంటున్నాడు. మా పాపను (22) వాడికే ఇవ్వమని అమ్మ పట్టు. 'అది దిష్టి, రక్తంలో వచ్చేది కాదు' అంటుంది. పుట్టే పిల్లలకు వస్తుందా? రక్తపరీక్షలో తెలుస్తుందా? ఇంటర్ చదివే మా అబ్బాయి గురించీ భయంగా ఉంది.
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: ఈ సంబంధం వద్దమ్మా. మీ తమ్ముడు పెళ్లికి పనికిరాడని కాదు, మేనమామ వరసే వద్దంటున్నాం.

స్కిజోఫ్రీనియా ఎవరికైనా జీవితంలో వచ్చే అవకాశం సుమారు నూటికి 1. మేనమామకు ఉంటే మేనకోడలికి, మేనల్లుడికి 3, 4. కన్నవాళ్లలో ఒకరికుంటే బిడ్డకు దాదాపు 10, ఇద్దరికీ ఉంటే 40 దాకా. తమ్ముడు బయటి సంబంధం చేసుకుంటే ఆ 10 లెక్క, అంటే నూటికి 90 మంది పిల్లలకు రాదు. మీ పాపకూ మేనమామకూ మాత్రం సగటున నాలుగో వంతు జీన్లు ఉమ్మడి. అదే ముప్పు తల్లి వైపు నుంచి కూడా బిడ్డకు చేరొచ్చు. అప్పుడు 10 దగ్గరే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా పుట్టుచెవుడు లాంటి కొన్ని జబ్బులు లోపమున్న జీను అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే బయటపడతాయి. మేనరికంలో వాటి భయం ఎటూ ఉంది.

రక్తపరీక్షలో తేలదు. ఈ జబ్బుకు కారణం ఒక్క జీను కాదు, వందల జీన్లు తలా కాస్త ముప్పు పెంచుతాయి. జీన్లు అచ్చంగా ఒకటే అయిన కవలల్లో కూడా, ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు సగం సార్లే. తల్లి కడుపులో ఉండగా సోకిన ఇన్‌ఫెక్షన్లు, కాన్పులో బిడ్డకు ఆక్సిజన్ అందకపోవడం, టీనేజీలోనే పట్టిన గంజాయి అలవాటు కూడా తోడవుతాయి. కాబట్టి 'జీన్ టెస్టులో ముందే చెప్పేస్తాం' అనే ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి.

ఇక మీ అబ్బాయి. మగపిల్లల్లో ఇది ఎక్కువగా 18–25 ఏళ్ల మధ్య బయటపడుతుంది. హాస్టల్లో ఉంటే గంజాయి విషయం సూటిగా మాట్లాడండి. ఇంట్లో ఈ జబ్బున్న పిల్లలకు అది మరీ చేటు. రాత్రుళ్లు నిద్రపోకపోవడం, స్నానం మానేయడం, స్నేహితులు తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం వారాల తరబడి సాగితే 'పరీక్షల ఒత్తిడిలే' అని ఊరుకోకండి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. థైరాయిడ్, బీ12 లోపం, మూర్ఛ కూడా మనిషిని అలా మార్చగలవు గనుక డాక్టర్ ముందు వాటిని చూస్తారు. కదల్లేని పరిస్థితైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముడి కోసం అమ్మగారు తిరుమల కొండకు మొక్కుకుంటే వద్దనకండి, గుండు కొట్టించుకుంటే నష్టమేమీ లేదు. చిక్కల్లా ఆ ప్రయాణంలో మాత్రలు తప్పడం, తిరిగొచ్చాక 'స్వామి దయవల్ల తగ్గింది' అని పూర్తిగా ఆపేయడం. హఠాత్తుగా మానేసినవాళ్లలో చాలామందికి నెలల్లోనే తిరగబెడుతుంది. నడిచి వెళ్తే అలిపిరిలో లగేజీతో పాటు మాత్రలు ఇచ్చేయకండి, జేబులో పెట్టుకోమనండి. తరచూ మరిచిపోతుంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి డాక్టర్‌నడగండి.