డయల్ మార్చిన వాచీ: పెట్టుకోవచ్చా, అమ్మొచ్చా?

ప్రశ్న: మూడేళ్ళ కిందట పేరున్న స్విస్ కంపెనీ ఆటోమేటిక్ వాచీ కొత్తది కొన్నాను. బాక్సు, వారంటీ కార్డు అన్నీ ఉన్నాయి. నల్ల డయల్ చూసి చూసి మొహం మొత్తి, కిందటేడు బయట ఒకరి దగ్గర ఆకుపచ్చ డయల్, రాళ్ళు పొదిగిన బెజెల్ (అద్దం చుట్టూ ఉండే అంచు) వేయించుకున్నాను. కొత్త డయల్ మీద కూడా కంపెనీ పేరు, గుర్తు ఉన్నాయి. తీసిన పార్టులు నా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు వాచీ రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. వారంటీ ఇంకా రెండేళ్ళుంది. కానీ సర్వీస్ సెంటర్ వాళ్ళు బయటి పార్టులు తీసేస్తే తప్ప ముట్టుకోమన్నారు. ఈలోగా ఒక మిత్రుడు ఉన్నదున్నట్టు కొంటానంటున్నాడు. ఇలాంటి వాచీ పెట్టుకోవడం నేరమా? అమ్మితే కేసవుతుందా? సర్వీసుకిస్తే వాళ్ళే ఉంచేసుకుంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: వాచీ మీది. డయల్ మీదున్న పేరు మాత్రం మీది కాదు. మీ సందేహాలన్నీ ఈ తేడా దగ్గరే తేలతాయి.

పెట్టుకోవడం నేరం కాదు. ట్రేడ్‌మార్క్ చట్టం పట్టించుకునేది వ్యాపారంలో ఆ పేరు ఎలా వాడారన్నది. కొన్న వస్తువుకు మీ ముచ్చట కొద్దీ రాళ్ళు పొదిగించుకుని చేతికి పెట్టుకుంటే అది మీ ఇష్టం.

అమ్మకం దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. మామూలుగా ఒకసారి సక్రమంగా అమ్మిన వస్తువును మళ్ళీ అమ్ముకోకుండా కంపెనీ ఆపలేదు. కానీ వస్తువు స్థితి మారినా, చెడినా అభ్యంతరం చెప్పొచ్చు. భారత ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 లోని సెక్షన్ 30(4) ఇదే అంటుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనా దాదాపు ఇవే మాటల్లో ఉంటుంది. మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఆ ఆకుపచ్చ డయల్‌ను కంపెనీ తయారుచెయ్యలేదు, పేరు ముద్రించుకోమని ఎవరికీ చెప్పలేదు. లోపల మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) అసలుదే కావచ్చు, డయల్ మాత్రం నకిలీయే. వినడానికి కటువుగా ఉన్నా కోర్టులో అవతలి లాయరు వాడే మాట అదే. బెజెల్ మీద పేరు లేకపోతే దాని గొడవ కొంచెం తక్కువ.

"కొనేవాడికి అంతా చెప్పే అమ్ముతున్నాగా" అని మీరు అనొచ్చు. ఈ వాదన మీద అమెరికాలో రెండు తీర్పులున్నాయి, వాచీల పిచ్చి ఉన్నవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సినవి. వోర్టిక్ అనే చిన్న సంస్థ హామిల్టన్ కంపెనీ పాత జేబు గడియారాల మూవ్‌మెంట్లు, డయళ్ళు బాగుచేసి, కొత్త పై తొడుగుల్లో బిగించి చేతి వాచీలుగా అమ్మింది. హామిల్టన్ దావా వేసింది. 2021లో అప్పీలు కోర్టు వోర్టిక్ పక్షానే నిలిచింది. ఏది పాతదో, ఏది తాము చేసిందో ప్రకటనల్లోనూ వాచీ మీదా వాళ్ళు స్పష్టంగా చెప్పుకున్నారు. పైగా ఆ డయళ్ళ మీది పేరు హామిల్టన్ వాళ్ళే వేసింది. రెండోది రోలెక్స్, బెకర్‌టైమ్ కేసు. బెకర్‌టైమ్ అనే అమ్మకందారు వాడిన రోలెక్స్‌లకు బయటి బెజెళ్ళు, రాళ్ళు, మార్చిన డయళ్ళు పెట్టి అమ్మింది. 2024లో ఇంకో అప్పీలు కోర్టు అది ఉల్లంఘనేనంది. రెండింటికీ మూలం 1947 నాటి స్పార్క్ ప్లగ్‌ల కేసు. రిపేరు చేసిన సరుకును రిపేరు చేసిందని చెప్పి పాత పేరుతో అమ్మొచ్చని, మార్పులు మరీ ఎక్కువైతే మాత్రం ఆ పేరే తప్పవుతుందని అమెరికా సుప్రీంకోర్టు అప్పుడు అంది. మీ వాచీ రెండో దారిలోనే ఉంది.

మీ మిత్రుడికి నిజం తెలుసు, సరే. రేపు ఆయన దగ్గర కొనేవాడికి? ఆ మూడో మనిషి మోసపోతే మొదట వెతికేది కార్డు మీదున్న మీ పేరునే.

వారంటీ సంగతి. కచ్చితంగా నడిచే వాచీలకిచ్చే క్రోనోమీటర్ సర్టిఫికెట్ పరీక్షలో మూవ్‌మెంట్‌కు రోజుకు సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల తేడానే ఒప్పుకుంటారు. ఆ సర్టిఫికెట్ లేని వాచీకైనా రెండు నిమిషాలంటే లోపమే. కానీ డయల్ మార్చాలంటే వెనక మూత తెరిచి, క్రౌన్ (టైము సరిచేసే పక్క బుడిపె) లాగి, మూవ్‌మెంట్ బయటికి తీసి, ముళ్ళు ఊడదియ్యాలి. బయటివాళ్ళు తెరిస్తే వారంటీ చెల్లదని కార్డులో రాసుంటే మీ వాదనకు బలం తక్కువ. లోపలికి చెమ్మ చేరిన ఆనవాలు కనబడితే ఇక చెప్పేదేముంది. బెజెల్ ఒక్కటే మార్చి ఉంటే నేను ధైర్యంగా నోటీసు ఇమ్మనేవాణ్ణి.

మార్చిన వాచీని సర్వీసు చెయ్యబోమని చెప్పే హక్కు సర్వీస్ సెంటర్ వాళ్ళకుంది. వాచీని అట్టేపెట్టుకునే హక్కు, చేసిన పనికి డబ్బు బాకీ ఉంటే తప్ప, మామూలుగా లేదు. అసలు ప్రమాదం మీరు చదవకుండా సంతకం పెట్టే ఫారంలో ఉంది. తీసిన పార్టులు కంపెనీకే చెందుతాయని అందులో ఉంటే ఆ షరతుకు మీరు ఒప్పుకున్నట్టే. మా దగ్గరికి గొడవలతో వచ్చేవాళ్ళలో ఆ కాగితం చదివినవాళ్ళు అరుదు. పాత వాచీల విషయంలో ఇది మరీ దారుణం: వెలిసిన అసలు డయల్ తీసేసి కొత్తది వేస్తే వాచీ మెరుస్తుంది, కలెక్టర్ల దగ్గర విలువ పడిపోతుంది.

మీరిప్పుడు చెయ్యాల్సింది పాత డయల్, బెజెల్ మళ్ళీ బిగించడం. ఎవరు బిగిస్తే వాళ్ళ దగ్గర బిల్లు తీసుకోండి, నీటి ఒత్తిడి పరీక్ష చేయించి కాగితం రాయించుకోండి. తర్వాత సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు, డయల్ ఫొటో, "తీసిన పార్టులు తిరిగి ఇవ్వాలి" అన్న మాట రసీదులో ఉండాలి. ముందు జరిగిన మార్పు దాచకండి, తెరిచిన గుర్తులు వాళ్ళకు ఎలాగూ తెలుస్తాయి. బాగయ్యాక మిత్రుడికి అమ్మండి, ఒకసారి తెరిచి మళ్ళీ బిగించిన సంగతి అమ్మకం కాగితంలోనే రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆకుపచ్చ డయల్‌ను మాత్రం దానితో కలిపి ఇవ్వకండి, విడిగానూ అమ్మకండి.