ఇరవై నిమిషాలకే ఆరిపోతున్న లాప్‌టాప్

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో మేడ మీద రూమ్‌లో ఉంటున్నా, ఏసీ లేదు. నాలుగేళ్ళ కిందట కొన్న లాప్‌టాప్, ఈ ఎండలు మొదలైన దగ్గర్నుంచి వీడియో మీటింగ్‌లో 20 నిమిషాలు దాటితే చాలు మెసేజ్ కూడా ఏం రాకుండా టప్పున ఆరిపోతోంది. అడుగున చెయ్యి పెట్టలేం, ఫ్యాన్ గోల పక్కరూమ్‌కి వినబడుతోంది. ఒక షాపులో చూపిస్తే తెరవను కూడా తెరవకుండా మదర్‌బోర్డు పోయింది, 9 వేలు అవుద్ది అన్నాడు. కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోద్దా?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: తమ్ముడూ, ఆ 9 వేలు ముందు జేబులోనే ఉండనీ. కాసేపు చల్లారాక మళ్ళీ బుద్ధిగా ఆన్ అవుతోందంటే బోర్డు పోయిందని తెరవకుండా ఎలా చెప్పాడో నాకైతే అర్థం కాలా. చాలా ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలు లేదా ఆ చుట్టుపక్కల, అక్కడికి రాగానే ముందు స్పీడు తగ్గించుకుంటుంది (మీటింగ్‌లో మాట తెగడం, మౌస్ నత్తలా కదలడం అదే), అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా కరెంటు తనే కట్ చేసుకుంటుంది.

ముందు వేడి ఎంతో కొలిచి చూడు. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పెట్టుకుని మీటింగ్‌లో చూస్తూ ఉండు. ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 55, పనిలో 80 దాటినా కంగారు లేదు. 95 దాటి పైకి పోతూ ఆరిపోతే వేడే. 60 దగ్గరే ఆరిపోతే మాత్రం బ్యాటరీనో చార్జరో ర్యామో, అది వేరే కథ.

ఇంకో పరీక్ష, పైసా ఖర్చు లేదు. టిష్యూ పేపర్ సన్నగా చించి గాలి బయటికొచ్చే సందు దగ్గర పట్టుకో. ఫ్యాన్ అంత గోల చేస్తున్నా కాగితం కదలకపోతే లోపల దారి మూసుకుపోయినట్టే. వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర దువ్వెన పళ్ళలా సన్నటి రేకులుంటాయి, ఫ్యాన్‌కీ ఆ రేకులకీ మధ్య నాలుగేళ్ళ దుమ్ము, వెంట్రుకలు, దుప్పటి నూగు అన్నీ కలిసి కంబళి ముక్కలాగా పేరుకుపోతాయి. నేను ఒకసారి నాదాన్లోంచి లాగితే ఒక్క పీస్‌గా ఊడొచ్చింది, చూసి సిగ్గేసింది అనుకో. బయట్నుంచి ఎంత ఊదినా అది రాదు, వెనక మూత తీయాల్సిందే.

తీసేటట్టయితే మొదట బ్యాటరీ కనెక్టర్ పీకెయ్, స్క్రూలు పొడుగు తేడాలుంటాయి కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద గుచ్చి పెట్టుకో. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క కదలకుండా పుల్లతో ఆపు, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పోద్ది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటు పుట్టి లోపలి చిప్పులు పోయే గొడవ. నాలుగేళ్ళయింది కాబట్టి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి రాగి గొట్టానికి అందేలా మధ్యలో పూసేది) కూడా ఎండిపోయి ఉంటుంది, పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది బియ్యపుగింజంత పెడితే చాలు. చెయ్యి వణుకుతుందనుకుంటే మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కి పో, గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడవొచ్చు, రెండు మూడు షాపుల్లో రేటు అడిగి "సర్వీసూ పేస్టూ, నా కళ్ళ ముందే" అని చెప్పు.

ఇక కూలింగ్ ప్యాడ్. లోపల దారి మూసుకుపోయినప్పుడు కింద నాలుగు ఫ్యాన్లు పెట్టినా ముక్కు దిబ్బడేసినోడికి విసనకర్ర విసిరినట్టే. దానికంటే మంచం మీద పెట్టడం మానెయ్, పరుపు అడుగు సందుల్ని మూసేస్తుంది, బల్ల మీద వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి లేపు. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ కత్తిరి వెయిల్‌లో (తమిళనాట మే నెల మండుటెండలు) మేడ మీద రూమ్ గాలే వేడి, అది ఎంత పీల్చినా ఏం చల్లబరుస్తుంది. సర్వీసు అయ్యేదాకా విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉన్నది 99 చెయ్, చాలా వాటిల్లో టర్బో (ప్రాసెసర్ మామూలు కంటే ఎక్కువ స్పీడెత్తడం) ఆగిపోయి వేడి బాగా దిగుద్ది, మీటింగ్‌కి ఆ స్పీడు చాలు.

మూత తీసినప్పుడు బ్యాటరీ వైపు ఒక చూపు చూడు. ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా ఇంక చార్జింగ్ పెట్టకు, గుచ్చకు, నొక్కకు, అలాగే షాపుకి పట్టుకెళ్ళి ముందు అదే మార్పించు.