ఇంట్లో కత్తులకు డైమండ్ ప్లేటు పనికొస్తుందా? మూడేళ్లుగా వాడుతున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: సాన పట్టే మనిషి మీ వీధికి రావడం మానేశాడు, ఇంట్లో కత్తులు టమాటాని కోయకుండా నలిపేస్తున్నాయి, ఒక కత్తికి మొన కూడా విరిగింది. ఒక వైపు 400, ఇంకో వైపు 1000 నంబరున్న, పదును పెట్టే డైమండ్ ప్లేటు కొనొచ్చా?

కొనొచ్చు. అయితే మొదటి నెలలో నేను చేసినవన్నీ తప్పులే, వాటితోనే మొదలుపెడతాను.

మాది టెక్కలి దగ్గర పల్లె. చుట్టూ గ్రానైట్ క్వారీలు. మా బావ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. రాయిని కోసే రంపం పళ్లలో ఉండేది వజ్రపు పొడే అని అతను చెప్తేనే నాకు తెలిసింది. టెక్కలి రాయినే కోసేదానికి మన స్టీలు కత్తి ఒక లెక్కా అనుకుని ప్లేటు తెప్పించాను. పార్సిల్ విప్పుతుంటే మా అమ్మ, "ఐదొందలకి వజ్రాలేట్రా, ఎవడో నిన్ను ముంచేసినాడు" అంది. ఉంగరంలో పెట్టే వజ్రాలు కావు కదా! ఫ్యాక్టరీలో తయారైన రవ్వలు. వాటిని స్టీలు పలక మీద నికెల్ పూతతో పట్టి ఉంచుతారు. నంబరు పెరిగే కొద్దీ రవ్వ సన్నం.

మొదటి తప్పు, బలమంతా పెట్టి రుద్దడం. మామూలు సానరాయి అలవాటు అది. డైమండ్ ప్లేటుని అలా నొక్కితే పూతలోంచి రవ్వలు ఊడిపోతాయి. నా ప్లేటు మధ్యలో రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిపోయింది, అక్కడ కత్తి ఇప్పటికీ జారిపోతుంది. కత్తి బరువుకి ఇంకొంచెం తోడైతే చాలు. కొత్త ప్లేటు మొదట్లో మరీ గరుగ్గా ఉంటుంది, నాలుగైదు సార్లు వాడితే సర్దుకుంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. 400 వైపు పని పూర్తి కాకుండానే 1000కి వెళ్లిపోయాను. అరగంట రుద్దినా కత్తి అలాగే ఉండేది, ప్లేటు నకిలీ అనుకున్నాను. అసలు సంగతి ఏంటంటే, ఒక వైపు అరగదీస్తుంటే రెండో వైపు వాదర (కోసే అంచు) వెంబడి కంటికి కనబడనంత సన్నటి స్టీలు పొర మడత పడి లేస్తుంది. వేలిని వాదర పొడవునా కాకుండా, మొద్దు అంచు (కత్తి వీపు) నుంచి వాదర వైపు మెల్లగా జార్చి చూస్తే గరుగ్గా తగులుతుంది. వేలంటే భయమైతే దూది రాయండి, పోగులు అంటుకుంటాయి. ఆ గరుకు మడమ (పిడి దగ్గరి చివర) నుంచి మొన దాకా వచ్చాకే కత్తి తిప్పాలి. రెండో వైపూ అలాగే వచ్చాక 1000 వైపు ఒక్కోసారి చొప్పున కత్తి వైపులు మార్చి మార్చి, రానురాను తేలిగ్గా లాగితే ఆ పొర పోతుంది. చివర్లో నేను పాత తోలు బెల్టు మీద పదిసార్లు, మొద్దు అంచు ముందు నడిచేలా, వెనక్కి లాగుతాను.

కోణం గురించి యూట్యూబ్‌లో చాలా టెన్షన్ పెడతారు. చదరపు కాగితం మూలని సగానికి మడిస్తే 45 డిగ్రీలు, ఇంకోసారి మడిస్తే 22న్నర. కత్తిని అంతకంటే కాస్త తగ్గించి పట్టుకోండి. బ్లేడు వెడల్పు 3 సెంటీమీటర్లుంటే మొద్దు అంచు ప్లేటుకి 1 సెంటీమీటరు ఎత్తులో ఉంటుంది. వాదరకి స్కెచ్ పెన్ను పూసి ప్లేటు మీద రెండుసార్లు రుద్దండి. ఇంకు పైన పోతే కత్తి మరీ పడుకుంది, అంచున మాత్రమే పోతే మరీ లేచింది. మొదటి పది సార్లు ఇది చేస్తే ఆ తర్వాత చెయ్యే చెప్తుంది.

ప్లేటు మీద నీళ్లు చిలకరించి, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ వేసుకోండి. నల్లటి నీళ్లు దిగుతాయి, అది మీ కత్తి స్టీలే. కాబట్టి కత్తిని కడగకుండా కూరగాయల మీద పెట్టొద్దు. ప్లేటుని పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి, చవక రకాలు తుప్పు పడతాయి. పళ్లున్న బ్రెడ్ కత్తి దీనికి పనికిరాదు.

మీరు అడగలేదు గానీ, కత్తిపీట మాటేంటి? మా ఇంట్లో చేపలకీ పనసకాయకీ అదే ఆధారం. పీట నుంచి బ్లేడు ఊడదీయలేం, కాబట్టి ప్లేటునే బ్లేడు దగ్గరికి తీసుకెళ్లాలి. పీటని గోడకి ఆనించి కాలితో తొక్కిపెట్టి, ప్లేటుని మొద్దు అంచు నుంచి వాదర వైపు, మళ్లీ మొద్దు అంచు నుంచి వాదర వైపు, ఒకే దిశలో నడపాలి. ఎదురు నడిపితే తెగేది వేలే. నాకు తెగింది. నిజం చెప్పాలంటే, మరీ మొక్కపోయిన కత్తిపీటని నేను ఇప్పటికీ ఊళ్లో చక్రం ఉన్నాయన దగ్గరికే పంపిస్తాను. నిప్పురవ్వలు ఎగిరేలా ఒకే చోట పట్టి ఉంచొద్దని మాత్రం చెప్తాను, స్టీలు వేడెక్కి నీలం రంగు తిరిగితే అక్కడ పదును నిలవదు.

ఇక మీ మొన విరిగిన కత్తి. వాదర వైపు నుంచి అరగదీయకండి. మొద్దు అంచుని 400 మీద వాలుగా రుద్దుతూ కిందికి దించండి, అది వచ్చి వాదరని కలిసిన చోట కొత్త మొన వస్తుంది. రెండు మిల్లీమీటర్లు విరిగిన దానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, మధ్యలో రెండు టీలు.