పాత స్విచ్‌ల అప్‌గ్రేడ్ పని మానేసి క్లౌడ్‌కి వెళ్లాలా?

ప్రశ్న: మాది ఏలూరు. బీటెక్ ఈసీఈ తర్వాత హైదరాబాద్‌లో ఒక నెట్‌వర్క్ సపోర్ట్ కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. క్లయింట్ల ఆఫీసుల్లో పాత సిస్కో 2960 స్విచ్‌లకు రాత్రిపూట ఐఓఎస్ (ఆఫీసు కంప్యూటర్లను కలిపే ఈ స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌గ్రేడ్ చేయడమే నా పని. ఫ్రెండ్సంతా క్లౌడ్ అంటున్నారు. ఉద్యోగం మానేసి కోర్సులో చేరనా?

జవాబు: ఇప్పుడే మానకండి. రాత్రి రెండింటికి రీలోడ్ కొట్టి (అంటే స్విచ్‌ను రీస్టార్ట్ చేసి), పింగ్ (స్విచ్ మళ్లీ పలుకుతోందని చెప్పే జవాబు) ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చునే ఆ కొద్ది నిమిషాల టెన్షన్ ఏ కోర్సులోనూ దొరకదు. అయితే సీనియర్ రాసిచ్చిన కమాండ్లు అతికించి వస్తున్నారా, తెలిసి చేస్తున్నారా అన్నది చూసుకోవాలి.

2960లో ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ) 32 ఎంబీయే. కొత్త ఇమేజ్‌కు (ఐఓఎస్ ఫైలుకు) చోటు చాలకపోతే ఏం చేస్తారు? పాతది తీసేశాక, కొత్తది సగమే కాపీ అయిందని తేలితే? నేను ఫీల్డ్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి ఎండీ5 (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే కోడ్) సరిచూడకుండానే రీలోడ్ కొట్టాను. స్విచ్ బూట్ కాలేదు, స్విచ్‌కు నేరుగా కేబుల్ పెట్టి చూసే కన్సోల్‌లో, ఐఓఎస్ దొరకలేదన్నట్టు లోడర్ ప్రాంప్ట్ వచ్చి ఆగింది. ఇక ఎక్స్‌మోడెమే దిక్కు, అంటే ఆ కన్సోల్ కేబుల్ ద్వారానే ఫైలు ఎక్కించడం. సెకనుకు 9600 బిట్ల స్పీడులో 10 ఎంబీ ఫైలు ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది. స్పీడు 115200కు మార్చుకుంటే పావుగంటలో అయిపోయేదని నాకు తెల్లారాక తెలిసింది! ఇంటర్వ్యూలో ఇలాంటివే అడుగుతారు. చేసినవాడి జవాబు రెండు ముక్కల్లో తెలిసిపోతుంది.

అసలు ఎందుకు అప్‌గ్రేడ్ చేస్తున్నారో కూడా చెప్పగలగాలి. 2018లో స్మార్ట్ ఇన్‌స్టాల్ (కొత్త స్విచ్‌లను దూరం నుంచే సెటప్ చేసే సిస్కో ఫీచర్) లోపం బయటపడింది. ఆ ఫీచర్ వాడే 4786 పోర్టు (నెట్‌వర్క్ నుంచి లోపలికొచ్చే ద్వారం) తెరిచి ఉన్న స్విచ్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుండేది. మీ క్లయింట్ల స్విచ్‌లలో ఆ ఫీచర్ ఆన్‌లో ఉందేమో ఈ వారమే చూడండి. ఉంటే మీ లీడ్‌కు చెప్పండి, మీ పేరు గుర్తుంటుంది.

క్లౌడ్ వైపు వెళ్లాలన్న ఆలోచన తప్పేం కాదు. కానీ ఇక్కడి నుంచే దారి వేసుకోండి. సీసీఎన్ఏ (సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) రాయకపోతే ముందు అది రాయండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 200-301 పరీక్షలో ఆటోమేషన్ కూడా ఉంది. పక్కనే కొంచెం పైథాన్ నేర్చుకుని, నెట్‌మికోతో (స్విచ్‌లకు కమాండ్లు పంపే పైథాన్ లైబ్రరీ) స్విచ్‌లన్నిటి వెర్షన్, ఖాళీ ఫ్లాష్ ఒక్క షీట్‌లోకి తెచ్చే స్క్రిప్ట్ రాయండి. మొదట ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ స్విచ్ మీద నడిపి చూసుకోండి. క్లయింట్ నెట్‌వర్క్‌లో మాత్రం పర్మిషన్ తీసుకున్నాకే. రెజ్యూమెలో ‘అప్‌గ్రేడ్ చేశాను’ అన్న లైను కంటే ఈ స్క్రిప్ట్‌కే ఎక్కువ విలువ.

మరో పది నెలలు చూడండి. ఈలోగా రూటర్లు, ఫైర్‌వాల్స్ పని కావాలని మెయిల్‌లోనే అడగండి, నోటిమాటగా వద్దు. అప్పటికీ ఇవ్వకపోతే వేరేచోట వెతుక్కోండి, కానీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా.