పారిష్ రిజిస్టరులో ఒక నిశానీ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. విక్టోరియా కాలపు ఇంగ్లండు పల్లెను తెలుగులో రాయాలన్న నీ సాహసం నాకు నచ్చింది. అయితే నీ ఊళ్లో గులాబీలున్నాయి, చర్చి గంటలున్నాయి, దయగల పాదిరి ఉన్నాడు, గోధుమ కోసిన మనిషి మాత్రం లేడు.

పాదిరిగారి కిటికీలోంచి ఊరిని చూడకు. ఆయన బల్ల మీది పారిష్ రిజిస్టర్లు, అంటే ఆ చర్చి పరిధిలోని బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ రాసిపెట్టిన పుస్తకాలు, తెరువు. 1813 నుంచి బాప్తిస్మాల రిజిస్టరుకు అచ్చు గళ్లు వచ్చాయి: బిడ్డ పేరు, తల్లిదండ్రులు, నివాసం, వృత్తి. పల్లె రిజిస్టరులో ఆ వృత్తి గడి నిండా 'కూలీ', 'కూలీ', 'కూలీ'. ఎక్కడో ఒకచోట తండ్రి పేరు ఉండదు. వృత్తి రాయాల్సిన గడిలో 'పెళ్లికాని స్త్రీ' అని ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆమె కూడా ఎవరి పొలంలోనో, ఎవరి వంటింట్లోనో ఒళ్లు వంచి పనిచేసే ఉంటుంది కదా!

1837 తర్వాతి పెళ్లి రిజిస్టరులో సంతకాల చోట ఆగు. రాయడం రానివారు ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలు గీస్తే, పక్కన వాళ్ల పేరు పాదిరి రాసేవాడు. మన పాత దస్తావేజుల్లోని నిశానీ అన్నమాట. వరుడూ వధువూ ఇద్దరూ నిశానీలే పెట్టారనుకో. ఆమెకు నిజంగా రాయడం రాదా, భర్త చిన్నబోతాడని కలాన్ని అక్కడితో ఆపిందా? రిజిస్టరు చెప్పదు, నువ్వు చెప్పాలి.

బడి లాగ్ పుస్తకాలు, అంటే బడిలో జరిగినవి పంతులు రాసిపెట్టిన దినచర్య పుస్తకాలు, కూడా చూడు. కోతల కాలంలో బెంచీలు ఖాళీ. పిల్లలు తల్లుల వెంట పరిగె ఏరడానికి పోయేవారు. కొన్ని ఊళ్లలో పరిగె వేళ అయిందని చర్చి గంటే కొట్టేవారు. ప్రార్థనకు పిలిచిన గంటే గింజలకూ పిలిచేది. ఈ ఒక్క దృశ్యం సరిగ్గా రాస్తే, దశమభాగాల (పంటలో చర్చికి చెల్లించే పదోవంతు) చట్టం గురించి నువ్వు నింపిన రెండు పేజీలూ కొట్టేయవచ్చు.

కూలీలను మూగవాళ్లను చేయకు. 1872 ఫిబ్రవరి 7 రాత్రి వార్విక్‌షైర్‌లోని వెల్స్‌బోర్న్‌లో చెట్టు కింద, లాంతర్ల వెలుగులో జోసెఫ్ ఆర్చ్ మాట్లాడితే వందల మంది కూలీలు విన్నారు. వాళ్ల సంఘం అక్కడే మొలకెత్తింది. ఆర్చ్ కూడా కంచెలు కత్తిరించి బతికినవాడే, పాదిరి చర్చికి వెలుపలి మెథడిస్టు శాఖలో బోధకుడు. అంటే ఊళ్లో వాక్యం చెప్పే గొంతు పాదిరిది ఒక్కటే కాదు.

పాదిరి ఇంట్లో తేనీటి సన్నివేశం తీసేసి మళ్లీ రాయి. ఆ వధువుకు ఒక పేరు పెట్టి, చిత్తుప్రతి పంపు.

ఆశీస్సులతో,
నీ కథ కోసం ఎదురుచూసే పెద్దమ్మ